డిగ్రీ చదివే ఏళ్లలో మీ రాత ఎదుగుదలను గమనించుకోవడం, దాన్ని పెంచుకోవడం ఎలా

డిగ్రీలో చేరిన కొత్తలో ఒక్క సాయంత్రం కూర్చుని రాసిన అసైన్‌మెంటుకు పదికి ఎనిమిది మార్కులు వచ్చి, రెండో సంవత్సరం మధ్యలో వారం రోజులు కష్టపడి రాసినదానికి ఐదే వచ్చినప్పుడు, చాలామంది విద్యార్థులు తమ రాత పాడైపోయిందని అనుకుంటారు. నిజానికి ఆ రెండూ ఒకే పని కావు. మొదటిది తెలిసిన రకం ప్రశ్నకు అలవాటైన పద్ధతిలో ఇచ్చిన జవాబు. రెండోది ఇంకా అంతుబట్టని ప్రశ్నకు, చేతికి పూర్తిగా రాని పద్ధతిలో చేసిన ప్రయత్నం. వాటిని పక్కపక్కన పెట్టి మార్కులు మాత్రమే చూస్తే కనిపించేది దిగజారడమే. వాక్యాలు చదివితే కనిపించేది వేరు.

విద్యార్థులను ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన పరిశోధకులు ఈ సంగతిని పదేపదే గమనించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1997లో చేరిన 400 మందికి పైగా విద్యార్థులను నాన్సీ సోమర్స్ బృందం 2001లో వారు పట్టా పుచ్చుకునే దాకా అనుసరించింది. స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రియా లన్స్‌ఫర్డ్ 2001లో ప్రారంభించిన అధ్యయనం 189 మంది నుంచి ఐదేళ్లలో దాదాపు 15,000 రచనలను సేకరించింది. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో 20 మందిని నాలుగేళ్లు గమనించిన లీ ఆన్ కారల్ 2002లో తేల్చిన మాట నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా తోస్తుంది: విద్యార్థులు మెరుగ్గా రాయడం నేర్చుకున్నారని చెప్పడం కంటే, వేరుగా రాయడం, మరింత చిక్కైన పనులకు తగినట్టుగా రాయడం నేర్చుకున్నారని చెప్పడమే సరైనది. కింద చెప్పబోయే పనులన్నీ ఆ తేడాను మీరు మీ కళ్లతో చూసుకోవడానికీ, దాన్ని అదృష్టానికి వదలకుండా మీ చేతిలోకి తెచ్చుకోవడానికీ ఉద్దేశించినవి.

1. ముందుగా, ఏదీ పారేయకండి

పరిశోధకుల దగ్గర ఉండి మీ దగ్గర లేనిది ఒక్కటే, మీ పాత రాతలన్నీ ఒకచోట ఉండడం. ఈ రోజే ఒక ఫోల్డర్ తెరవండి. ప్రతి అసైన్‌మెంటుకూ అందులో ఐదు వస్తువులు చేరాలి: అధ్యాపకుడు ఇచ్చిన ప్రశ్న ఉన్నది ఉన్నట్టుగా, మీరు రాసుకున్న నోట్సు, మొదటి చిత్తుప్రతి, సమర్పించిన ప్రతి, దిద్ది తిరిగి ఇచ్చిన ప్రతి. చేత్తో రాసినవైతే ఫోనుతో ఫోటో తీసి పెట్టండి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, విషయం, ఎన్నో ప్రతి అన్నవి ఉంటే చాలు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలైన ఫైనల్' అని పేర్లు పెట్టుకున్న వాళ్లకు ఆరు నెలలయ్యాక ఏది ముందో ఏది వెనకో తెలియదు. నా పాత ఫైళ్లలో ఇప్పటికీ అలాంటివి ఉన్నాయి.

ఈ ఐదింటిలో విద్యార్థులు పోగొట్టుకునేది దాదాపు ఎప్పుడూ మొదటి చిత్తుప్రతినే, ఎందుకంటే దాని మీదే దిద్దుకుంటూ పోయి సమర్పించిన ప్రతిగా మార్చేస్తారు. దిద్దడం మొదలుపెట్టే ముందు దానికొక నకలు తీసి పక్కన పెట్టండి. మీ ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూపగల సాక్ష్యం ఆ ప్రతి ఒక్కటే.

సమర్పించిన రోజునే మరో ఐదు వాక్యాలు రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి: ఈ పనిలో ఎక్కడ ఇరుక్కుపోయాను, ఏ పేరా మీద నాకు నమ్మకం లేదు, ఏ భాగాన్ని ఎన్నిసార్లు మార్చాను, ఇంకో రెండు రోజులు ఉంటే ఏం చేసేవాణ్ణి లేదా చేసేదాన్ని, ఎంత సమయం పట్టింది. మర్నాటికి ఇవి గుర్తుండవు. తరగతికి సంబంధం లేని రాతలను కూడా దాచండి. ఒక సంఘం తరఫున రాసిన వినతిపత్రం, ఎవరినో ఒప్పించడానికి రాసిన పొడవైన సందేశం, మీరు నడిపే పత్రికలోని సంపాదకీయం, ఇవన్నీ నిజమైన పాఠకులను ఎదురుగా పెట్టుకుని రాసినవి. స్టాన్‌ఫర్డ్ అధ్యయనం తరగతి బయటి రాతలను కూడా పనిగట్టుకుని సేకరించింది. అసైన్‌మెంటులో మొద్దుబారినట్టు రాసే విద్యార్థి వినతిపత్రంలో పదునుగా వాదించడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకొక జాగ్రత్త. వాక్యాలను నున్నగా దిద్దిపెట్టే కృత్రిమ మేధ సాధనాలను మీ కళాశాల అనుమతించినా సరే, మీ సొంత చిత్తుప్రతిని వాటికి ఇవ్వకముందే విడిగా భద్రపరచండి. లేకపోతే మూడేళ్ల తర్వాత మీ ఫోల్డర్‌లో కనిపించే ఎదుగుదల ఆ సాధనానిదై ఉంటుంది.

2. మొదటి సంవత్సరంలో, బడి నుంచి ఏం తెచ్చుకున్నారో చూసుకోండి

మొదటి సెమిస్టర్‌లో రాసిన ఒక వ్యాసం తీసి, కింద నేను ఉదాహరణ కోసం అల్లిన పేరాతో పోల్చండి. కళాశాల గ్రంథాలయాన్ని రాత్రివేళ ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది ప్రశ్న అనుకుందాం.

"గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు. అనాదిగా మానవ జీవితంలో పుస్తకాలు ప్రముఖ పాత్ర పోషిస్తున్నాయి. పుస్తకాలు చదవడం వల్ల జ్ఞానం పెరుగుతుంది, ఏకాగ్రత పెరుగుతుంది, భాష మెరుగుపడుతుంది. కాబట్టి గ్రంథాలయాన్ని రాత్రివేళ కూడా తెరిచి ఉంచడం ఎంతైనా అవసరం."

ఇందులో ఒక్క అక్షరదోషం లేదు. అయినా అడిగినది సమయం గురించి, చెప్పినది పుస్తకాల మహిమ గురించి. 'కాబట్టి' అన్న మాట రెండు వాక్యాలను కలిపినట్టు నటిస్తున్నది గానీ కలపలేదు. పుస్తకాలు మంచివైతే పగలు మాత్రమే తెరిచినా మంచివే. కార్ల్ బెరైటర్, మార్లిన్ స్కార్డమాలియా 1987లో ఈ పద్ధతిని తెలిసినది చెప్పేయడంగా వర్ణించి, రాస్తూ రాస్తూ తెలిసినదాన్నే మార్చుకునే పద్ధతి నుంచి వేరు చేశారు. మొదటి పద్ధతిలో రాసేవారు ప్రశ్నలో ఒక మాట పట్టుకుని, దానికి సంబంధించి తలకు తట్టినవన్నీ వరుసగా దింపుతారు. పరీక్షల్లో అది చక్కగా పనిచేస్తుంది, అందుకే వదలడం కష్టం.

మీ వ్యాసం మీద చేయవలసిన పని ఇది. మొదటి పేరాను పూర్తిగా చేత్తో మూసి, రెండో పేరా నుంచి చదవండి. అర్థం కావడానికి ఏమీ లోటు రాకపోతే ఆ మొదటి పేరా అలవాటు కొద్దీ రాసినదే. తర్వాత 'కాబట్టి', 'అందువల్ల', 'కనుక' అన్న మాటలన్నిటి కిందా గీత గీసి, ముందున్న వాక్యం ఒప్పుకుంటూ వెనకున్న వాక్యాన్ని కాదనడం సాధ్యమేనా అని ఒక్కో చోట అడగండి. సాధ్యమైతే అక్కడ ఇంకో వాక్యం రాయవలసి ఉంది. చివరగా, మీ వ్యాసాన్ని చదివి ఎవరైనా కాదనగల వాక్యం ఒక్కటైనా ఉందా అని వెతకండి. ఎవరూ కాదనలేని వాక్యాలతోనే నిండిన వ్యాసంలో వాదన లేనట్టే.

హార్వర్డ్ అధ్యయనంలో మొదటి సంవత్సరం గురించి సోమర్స్, లారా సాల్ట్జ్ 2004లో రాసిన విషయం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. తాము కొత్తవాళ్లమని ఒప్పుకున్న విద్యార్థులు ముందుకు సాగారు. బడిలో గెలిచిన పద్ధతినే పట్టుకు వేలాడిన వాళ్లకు అది కష్టమైంది. ఒప్పుకోవడమంటే తలవంచుకోవడమని కాదు. ఇంకా పట్టు చిక్కని విషయం మీద కూడా పట్టున్నవారిలా రాయమని కళాశాల మొదటి వారం నుంచే అడుగుతుంది, ఆ ఇబ్బంది అందరికీ ఉంటుంది; దాన్ని దాచుకోకుండా, మీకు నిజంగా అర్థం కాని ఒక విషయాన్ని ఎంచుకుని దాని చుట్టూ వ్యాసం కట్టడమే చేయవలసిన పని.

3. రాత దిగజారినట్టు కనిపించినప్పుడు భయపడకుండా విడదీసి చూడండి

రెండో సంవత్సరంలో అదే విద్యార్థి అదే ప్రశ్నకు ఇలా రాయవచ్చు.

"గ్రంథాలయ వినియోగం అనేది విద్యార్థుల యొక్క అధ్యయన సంస్కృతిని ప్రభావితం చేసే బహుముఖ అంశంగా పరిగణించబడుతున్నందున, దాని యొక్క సమయ విస్తరణ ఆవశ్యకత అనేది వనరుల లభ్యత మరియు వినియోగ సరళి అనే రెండు కోణాల నుండి పరిశీలించబడవలసిన అవసరం ఉన్నదని, అయితే ఇది అన్ని కాలాల్లో ఒకేలా ఉండదు."

ఈ వాక్యం మొదటి పేరా కంటే వికారంగా ఉంది. 'యొక్క' రెండుసార్లు దూరింది, 'పరిగణించబడుతున్న', 'పరిశీలించబడవలసిన' అన్నవి తెలుగు నోటికి పట్టవు, 'ఉన్నదని' అని మొదలైన మాట దేనికీ అతుక్కోకుండానే వాక్యం ముగిసిపోయింది. దిద్దే చేతికి ఎర్ర సిరా ధారగా కారే వాక్యమిది. కానీ కాస్త ఓపిక పట్టి లోపల ఏముందో చూడండి: ప్రశ్నను రెండు కోణాలుగా విడదీయడం ఉంది, అన్ని కాలాల్లో ఒకే సమాధానం సరిపోదన్న ఎరుక ఉంది. మొదటి పేరాలో ఈ రెండూ లేవు. ఆలోచన పెద్దదయింది, దాన్ని మోయగల వాక్యం ఇంకా తయారు కాలేదు. అంతేకాదు, ఆ బరువైన మాటలు విద్యార్థి తాను చదువుతున్న పుస్తకాల నుంచి తెచ్చుకున్నవి. వాటిని అనుకరించడం ద్వారానే ఆ పుస్తకాలు రాసేవారి సమూహంలోకి అడుగుపెట్టాలని చూస్తున్నాడు. దీన్ని ఎగతాళి చేసే అధ్యాపకులు ఉంటారు. నా వ్యాసాన్ని తరగతిలో బిగ్గరగా చదివి నవ్వించిన ఒకాయన వల్ల, నేను ఏడాది పాటు చిన్న చిన్న వాక్యాలు తప్ప రాయలేదు. తప్పులు తగ్గాయి, ఆలోచనలూ తగ్గాయి.

తప్పుల లెక్కతో రాతను కొలవడం ఎంత దారి తప్పించగలదో చెప్పే అంకెలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో మొదటి సంవత్సరం విద్యార్థుల వ్యాసాల్లో 1917లో 100 పదాలకు 2.11 తప్పులు దొరికాయి, 1986లో 2.26, 2006లో ఆండ్రియా లన్స్‌ఫర్డ్, కారెన్ లన్స్‌ఫర్డ్ కలిసి లెక్కించినప్పుడు 2.45. దాదాపు తొంభై ఏళ్లలో ఈ లెక్క పెద్దగా కదలలేదు. కానీ ఒక వ్యాసం సగటు నిడివి 1917లో 162 పదాలు ఉండగా 2006 నాటికి 1,038 పదాలైంది, దానితో పాటు అడిగే పని కూడా సొంత అనుభవం చెప్పడం నుంచి ఆధారాలతో వాదించడం వైపు మళ్లింది. ఎంత మార్పు జరిగినా తప్పుల లెక్కలో అది కనిపించలేదు.

అంటే తప్పులను వదిలేయమని కాదు. వాటిని రెండు కుప్పలుగా విడదీయండి. దిద్ది ఇచ్చిన మూడు అసైన్‌మెంట్లు తీసుకుని, చూడగానే మీరే సరిచేయగలిగిన తప్పులను ఒకవైపు, ఎందుకు తప్పో చెప్పలేనివాటిని మరోవైపు రాయండి. మొదటి కుప్పే పెద్దదిగా ఉంటుంది. రిచర్డ్ హాస్వెల్ 1983లో ఇదే గమనించారు: తప్పును దిద్దకుండా, అది ఉన్న వరుస పక్కన ఒక గుర్తు మాత్రమే పెట్టి ఇస్తే, విద్యార్థులు సగానికి పైగా తప్పులను తమంతట తామే పట్టుకున్నారు. కాబట్టి మొదటి కుప్పకు మందు వ్యాకరణ పుస్తకం కాదు, సమర్పించే ముందు ఒకసారి పైకి చదువుకోవడం. రెండో కుప్పలో ఎన్ని రకాలున్నా సెమిస్టర్‌కు రెండే ఎంచుకోండి. పై వాక్యం రాసిన విద్యార్థికైతే నేను 'బడు' ప్రయోగం ఒకటి, ఆరంభించిన 'అని'ని క్రియతో ముగించడం ఒకటి ఇస్తాను, మిగతావాటి జోలికి పోవద్దంటాను.

4. మీ శాఖలో ఎలా రాస్తారో విప్పి చూడండి

లూసీల్ మెకార్తీ 1987లో ఒకే విద్యార్థి మూడు తరగతుల్లో రాసిన తీరును ప్రచురించారు. రచనా తరగతి, కవిత్వ తరగతి, జీవశాస్త్ర తరగతి. మూడింటిలోనూ అతనికి కావలసిన నైపుణ్యాల్లో ఉమ్మడివి చాలానే ఉన్నా, ప్రతిచోటా అతను తానెన్నడూ చేయని పని ఎదురైనట్టే భావించాడు. ఈ పొరపాటు తేలిగ్గా అర్థమయ్యేదే. చరిత్రలో 'విశ్లేషించండి' అన్న మాటకూ రసాయనశాస్త్రంలో 'విశ్లేషించండి' అన్న మాటకూ అర్థం వేరు, కానీ ఆ తేడాను ఏ అధ్యాపకుడూ విడమరచి చెప్పడు, ఎందుకంటే అతనికి అది ఊపిరి తీసినంత సహజమైపోయి ఉంటుంది.

అందువల్ల మీరే విప్పి చూడాలి. మీ శాఖలో మంచివని పేరున్న మూడు వ్యాసాలను, లేదా మంచి మార్కులు వచ్చిన సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులను వారి అనుమతితో తీసుకోండి. విషయం కోసం కాకుండా పనితనం కోసం చదవండి. అసలు ప్రశ్న ఎన్నో పేరాలో బయటపడుతుంది? 'నేను' అని రాస్తారా, రాయరా? ఇతరుల మాటలను యథాతథంగా ఉటంకిస్తారా, సొంత మాటల్లో కుదించి చెబుతారా? సాహిత్య విమర్శలో మూలంలోని మాటే ఆధారం కనుక ఉటంకింపు ఎక్కువ. ప్రయోగ శాస్త్రాల్లో ఫలితమే ముఖ్యం కనుక ఉటంకింపు దాదాపు కనబడదు. ల్యాబ్ రిపోర్టులో ఫలితాలను, వాటి మీద చర్చను వేరువేరు భాగాల్లో పెడతారు, చరిత్ర వ్యాసంలో ఆధారమూ దాని అర్థమూ ఒకే పేరాలో నడుస్తాయి. ఆ శాఖ దేన్ని రుజువుగా ఒప్పుకుంటుందన్న దానిలోంచే ఈ తేడాలు పుట్టాయి; వాటిని ఉత్త మర్యాదలుగా తీసుకోకండి.

దొరికినవన్నీ ఒక పేజీలో రాసి పెట్టుకోండి. కొత్త రకం అసైన్‌మెంటు వచ్చినప్పుడల్లా ఆ పేజీ ముందు కూర్చుని, ఇందులో నాకు ఇదివరకే తెలిసినది ఏమిటి అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆన్ బోఫోర్ట్ 2007లో, రాయడానికి కావలసిన తెలివిని ఐదుగా విడదీశారు: ఏ సమూహం కోసం రాస్తున్నాం, విషయం ఏమిటి, ఏ రకం రచన, ఈ సందర్భానికి ఏది పనిచేస్తుంది, రాసే పని ఎలా సాగించాలి. మార్కులు తగ్గిన ప్రతిసారీ ఈ ఐదింటిలో లోటు ఎక్కడ జరిగిందో గుర్తించండి. విషయం బాగా తెలిసి కూడా రచన రకం తెలియక దెబ్బతిన్నవారు 'నాకు రాయడం రాదు' అని తేల్చేసుకోవడం మామూలుగా జరిగేదే.

5. ఇతరుల మాటలతో మీరు ఏం చేస్తున్నారో రంగులతో గుర్తించండి

రెండు రంగుల పెన్నులు తీసుకోండి. మీ వ్యాసంలో ఇతరుల నుంచి వచ్చిన వాక్యాలన్నిటికీ ఒక రంగు, మీ సొంత వాక్యాలకు మరో రంగు వేయండి. మొదటి ఏడాది వ్యాసాల్లో ఒక్క రంగే ఉంటుంది, ఏదో ఒకటి. రెండో ఏడాదిలో చారలు చారలుగా ఉంటుంది: ఒకరు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు, ఇంకొకరు మరోలా అన్నారు, చివర్లో రచయిత సొంత మాట ఒక వాక్యం. ఆ తర్వాతి మెట్టులో ఒకే వాక్యంలో రెండు రంగులూ పడతాయి; అంటే ఒకరి మాటను చెబుతూనే, అది ఎక్కడిదాకా సరిపోతుందో, ఎక్కడ ఆగిపోతుందో మీరు చెబుతున్నారన్నమాట.

దీని వెనక రాతను మించిన మార్పు ఒకటి ఉంది. హార్వర్డ్ విద్యార్థులతో 1950ల నుంచి జరిపిన సంభాషణల ఆధారంగా విలియం పెర్రీ 1970లో కళాశాల వయసు ఆలోచన మారే వరుసను వివరించారు. మొదట్లో ప్రతి ప్రశ్నకూ ఒక సరైన జవాబు ఉంటుంది, అది పెద్దలకు తెలుసు. తర్వాత జవాబులు చాలా ఉంటాయి, ఎవరి అభిప్రాయం వారిది. ఆ తర్వాత అభిప్రాయాలు పలు రకాలైనా వాటిని సందర్భాన్ని బట్టీ ఆధారాన్ని బట్టీ తూచవచ్చునని తెలుస్తుంది. చివరికి ఆ తూకం తర్వాత ఒక పక్షాన నిలబడే బాధ్యత వస్తుంది. ఈ మెట్లను మీ వాక్యాల్లోనే పట్టుకోవచ్చు. 'నిస్సందేహంగా', 'అందరికీ తెలిసినట్టు', 'ఎంతైనా అవసరం' అన్నవి మొదటి మెట్టు మాటలు. 'కొందరు ఇలా, కొందరు అలా భావిస్తారు, దేని విలువ దానిదే' అన్నది రెండోది, చూడటానికి పరిణతిలా ఉంటుంది గానీ అక్కడ ఆగిపోతే అది తప్పించుకోవడమే. 'ఈ ఆధారం మేరకు', 'ఫలానా పరిస్థితిలో మాత్రం' అన్నవి మూడోదానికి గుర్తులు. ఈ మాటలను తెచ్చి అతికించినంత మాత్రాన ఆలోచన మారదు, నిజమే; కానీ మీ వ్యాసంలోని ఒక 'నిస్సందేహంగా'ను కొట్టేసి, దాని స్థానంలో 'ఏ పరిస్థితిలో' అన్నదానికి జవాబు రాసి చూడండి. ఆ జవాబు కోసం తప్పనిసరిగా ఏదో ఒకటి వెతకవలసి వస్తుంది.

గ్రంథాలయం ప్రశ్నకే మూడో ఏడాది చివర రాగల పేరా ఇది.

"పరీక్షలకు ముందు మూడు వారాలు మాత్రమే గ్రంథాలయాన్ని అర్ధరాత్రి దాకా తెరవాలని నా వాదన. మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిది దాటాక వచ్చేవారు తక్కువని ప్రవేశ రిజిస్టరు చూపుతున్నది, అంతసేపు ఉండవలసిన సిబ్బందికి మాత్రం పని గంటలు పెరుగుతాయి. అయితే ఆ రిజిస్టరు లోపలికి వచ్చినవారినే లెక్కపెడుతుంది. త్వరగా మూసేస్తారని తెలిసి బయలుదేరనివారు అందులో ఉండరు. అందుకే ఒక నెల పాటు పొడిగించి చూసి, అప్పుడు నిర్ణయించడం మేలు."

ఇక్కడ మొదటి పేరాలోని శుభ్రత తిరిగి వచ్చింది, రెండో పేరాలోని విభజనా మిగిలింది. కానీ అసలు ఎదుగుదల మూడో వాక్యంలో ఉంది. తన వాదనను బలపరిచే ఆధారంలోని లోపాన్ని రాసినవారే బయటపెట్టి, దానికి తగినట్టు తన ముగింపును సవరించుకున్నారు. మీ ఫోల్డర్‌లో అలాంటి వాక్యం మొట్టమొదట ఏ అసైన్‌మెంటులో కనిపించిందో వెతికి, తేదీ రాసుకోండి.

6. దిద్దడాన్ని కాకుండా తిరగరాయడాన్ని అలవాటు చేసుకోండి

సోమర్స్ 1980లో 20 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను, 20 మంది అనుభవజ్ఞులైన రచయితలను పోల్చారు. ఒక్కొక్కరూ మూడు వ్యాసాలు రాసి, ప్రతిదాన్నీ రెండేసిసార్లు తిరగరాశారు. విద్యార్థులకు తిరగరాయడమంటే మాటలు మార్చడం. అనుభవజ్ఞులకు అది తమ వాదనకు ఆకారం వెతకడం. విద్యార్థులు ఒక మాట రెండుసార్లు వచ్చిందని కంగారుపడ్డారు, ఒక ఆలోచన రెండుసార్లు వచ్చిందా అన్నది పట్టించుకోలేదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక కనీసం ఒక రాత్రి దాని జోలికి వెళ్లకండి. మర్నాడు ప్రతి పేరా పక్కనా ఒక్క వాక్యం రాయండి, కానీ ఆ పేరా ఏం చెబుతున్నదో కాక, ఏం చేస్తున్నదో రాయండి: 'ఎదుటివారి అభ్యంతరాన్ని చెబుతున్నది', 'పై మాటకు ఉదాహరణ ఇస్తున్నది', 'పై పేరానే మళ్లీ చెబుతున్నది'. ఇప్పుడు ఆ పక్క వాక్యాలను మాత్రమే వరుసగా చదివితే, వ్యాసం అస్థిపంజరం కనిపిస్తుంది. తర్వాత చివరి పేరాను తీసి మొదటి పేరా పక్కన పెట్టండి. పదిలో ఏడెనిమిది చిత్తుప్రతుల్లో అసలు వాదన చివరి పేరాలోనే మొదటిసారి స్పష్టంగా పలుకుతుందన్నది నా అనుభవం, ఎందుకంటే మీరు ఏమనుకుంటున్నారో అక్కడికి చేరేసరికే మీకు తెలిసింది. లిండా ఫ్లవర్ 1979లో దీన్నే, రాసేవారి కోసం రాసిన ప్రతిగానూ చదివేవారి కోసం రాసిన ప్రతిగానూ విడదీసి చూపారు. మొదటిది మీ మనసు నడిచిన క్రమంలో ఉంటుంది. అది తప్పు కాదు, అవసరం కూడా. దాన్ని అలాగే సమర్పించడమే తప్పు. చివరి పేరాను పైకి తెచ్చి, దానికి పనికిరాని పేరాలను తీసేసి, మళ్లీ రాయండి. బాధగానే ఉంటుంది.

సమయం లేదంటారా, ఇవన్నీ ప్రతి అసైన్‌మెంటుకూ చేయనక్కర్లేదు. సెమిస్టర్‌కు ఒక్కదానికి చేయండి, మీకు బాగా ఆసక్తి ఉన్నదానికి.

7. అధ్యాపకుల వ్యాఖ్యలను పోగుచేయండి

'బాగుంది', 'వివరించాలి', 'స్పష్టత లేదు' అన్న వ్యాఖ్యలు విడివిడిగా చూస్తే పెద్దగా పనికిరావు. కానీ రెండేళ్లలో వేరువేరు అధ్యాపకులు రాసినవన్నీ ఒక పేజీలోకి ఎక్కిస్తే, నలుగురైదుగురు తెలియకుండానే ఒకే మాట చెప్పారని బయటపడుతుంది. ఆ ఒక్కటీ పట్టుకుని, ఆయా వ్యాఖ్యలు ఉన్న పేరాలు ముద్రించుకుని, మీకు నమ్మకమున్న ఒక అధ్యాపకుడి దగ్గరికి వెళ్లండి. 'మార్కులు ఎందుకు తగ్గాయి సార్' అని అడిగితే ఆయన మార్కులను సమర్థించుకోవడంలో పడతారు. 'ఈ నాలుగు చోట్లా వివరించాలని రాశారు, ఇక్కడ చదివేవారికి ఏం తెలియకుండా పోయింది సార్' అని అడిగితే పేరా గురించి మాట్లాడతారు.

8. చివరి సంవత్సరంలో, పొడవైన పని మొదలయ్యే ముందు ఫోల్డర్ మొత్తం చదవండి

ప్రాజెక్టు రిపోర్టో, సుదీర్ఘ వ్యాసమో మొదలుపెట్టే ముందు ఒక పూట ఖాళీ చేసుకుని, మొదటి నుంచి అన్నీ కాలక్రమంలో చదవండి. తప్పులు లెక్కపెట్టకండి. నాలుగు విషయాలే చూడండి. ప్రశ్నలు ఎంత పెద్దవి? సాధారణంగా ఏళ్లు గడిచేకొద్దీ అవి చిన్నవవుతాయి, 'సమాజంపై ప్రభావం' నుంచి 'ఈ మూడు వారాల్లో ఈ ఒక్క నిర్ణయం' దాకా; కుదించగలగడమే ఇక్కడ ఎదుగుదల. మీతో విభేదించేవారు వ్యాసంలో ఎప్పుడు ప్రవేశించారు, ప్రవేశించాక వారికి సరైన మాట దక్కిందా, లేక పడగొట్టడానికే నిలబెట్టిన బొమ్మలా ఉన్నారా? మొదటి చిత్తుకూ సమర్పించిన ప్రతికీ మధ్య తేడా మాటల్లోనా, ఆకారంలోనా? సమర్పించిన రోజు రాసిన ఐదు వాక్యాల్లో మీరు ఇరుక్కున్నానని చెప్పిన చోటు మారుతూ వచ్చిందా? మూడేళ్లూ ఒకేచోట ఇరుక్కుని ఉంటే ప్రాజెక్టులో కూడా అక్కడే ఇరుక్కుంటారు, కనుక ఆ భాగానికి ముందే వారం ఎక్కువ కేటాయించండి.

చదివాక ఒక పేజీ రాయండి. ప్రశంస అక్కర్లేదు, పశ్చాత్తాపం అసలే అక్కర్లేదు. మూడు వాక్యాలను తేదీలతో సహా మీ పాత రాతల నుంచి ఎత్తి రాసి, ఒక్కొక్కటి ఏం చేయగలుగుతున్నది, ఏం చేయలేకపోతున్నది అన్నది చెప్పండి. ఆ పేజీ కింద, ఈ ప్రాజెక్టులో మీరు మొదటిసారి ప్రయత్నించబోయే ఒక పనిని రాయండి. అది చేసేటప్పుడు వాక్యాలు మళ్లీ కొంతకాలం వికారంగా వస్తాయి కాబట్టి, గైడును ఆ అధ్యాయం చిత్తుప్రతిని గడువుకు నెల ముందే చూడమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.